కుటుంబ ఫోన్ ఖర్చును పోల్చి చూసుకునే వీలు కల్పించాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులతో పాటు ఫోన్ రీఛార్జి కూడా ఇప్పుడు ప్రతి ఇంటి పద్దులోనూ తప్పనిసరి ఖర్చుగా చేరిపోయింది. నలుగురు మనుషులు, నాలుగు ఫోన్లు ఉన్న ఇంట్లో ఎంచుకున్న కంపెనీని బట్టి, ప్లాన్‌ను బట్టి ఏడాదికి సుమారు 12,000 రూపాయల నుంచి 18,000 రూపాయల దాకా దీనికే పోతోంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఏ కంపెనీ ప్లాన్ మన ఇంటికి చవకో తేల్చుకోవడం సులువుగా ఉండాలి. కానీ ఒక్కో ప్లాన్‌కు ఒక్కో గడువు ఉండడం, కొన్ని ధరల్లో పన్ను కలిసి ఉండి మరికొన్నింటిలో విడిగా ఉండడం, డేటాను ఒకచోట రోజువారీగా, మరోచోట నెలవారీగా చెప్పడం వల్ల, కూడికలు గుణకారాలు వచ్చిన వాళ్లకు కూడా ఇది తేలికగా తెగే లెక్క కాదు. మా ఇంటి పద్దు కోసం నేను వేసుకున్న లెక్కలను తోటి పాఠకుల ముందు ఉంచి, దీనికి నియంత్రణ సంస్థ ఏం చేయాలో, మీ పత్రిక ఏం చేయగలదో మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇక్కడ నేను తీసుకున్నవి 2024 జులై 3, 4 తేదీల్లో అమల్లోకి వచ్చిన పెంపు తర్వాతి ధరలు. డేటా లేని వాయిస్ ప్యాక్‌ల ధరలు మాత్రం 2025 జనవరిలో ప్రకటించి సవరించినవి. కంపెనీలు ప్లాన్లను తరచూ తీసేస్తూ, మారుస్తూ ఉంటాయి గనుక, రీఛార్జి చేయించే ముందు ఆనాటి ధరను ఒకసారి సరిచూసుకోవాలి. ధరలు మారినా లెక్క వేసే పద్ధతి మారదు.

మొదట గడువు సంగతి చూద్దాం. మనకు జీతం నెలకు ఒకసారి వస్తుంది, ఇంటి అద్దె నెలకు ఒకసారి కడతాం, కరెంటు బిల్లు కూడా నెలకు ఒకసారే వస్తుంది. ఫోన్ ప్లాన్లలో ఎక్కువమంది కొనేవి మాత్రం 28 రోజులవి. అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు రీఛార్జి చేయించాలి. రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే 28 రోజుల ప్లాన్ జియోలో 299 రూపాయలు, ఎయిర్‌టెల్‌లోనూ వీఐ (వొడాఫోన్ ఐడియా)లోనూ 349 రూపాయలు. పన్నెండుతో గుణిస్తే జియోకు 3,588 రూపాయలే అనిపిస్తుంది గానీ, నిజంగా చెల్లించేది 3,887 రూపాయలు. మిగతా రెండింటిలో ఒక్కో మనిషికి ఏడాదికి 4,537 రూపాయలు అవుతుంది. ఈ సంగతి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దృష్టికి రాలేదని కాదు. ప్రతి కంపెనీ 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లాన్, ప్రతి నెలా అదే తేదీన రీఛార్జి చేయించుకునే వీలున్న మరో ప్లాన్ తప్పనిసరిగా ఇవ్వాలని 2022 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు ఆ మేరకు ప్లాన్లు పెట్టాయి. అయినా ప్రకటనల్లో, దుకాణాల్లో ముందు కనిపించేవి నేటికీ 28 రోజులవే.

ఇప్పుడు ఎక్కువ రోజుల ప్లాన్లను చూద్దాం. అదే 1.5 జీబీ డేటాతో 84 రోజుల ప్లాన్ జియోలో 799 రూపాయలు, ఎయిర్‌టెల్, వీఐలలో 859 రూపాయలు. ఏడాదికి లెక్క కడితే మొదటిది సుమారు 3,472 రూపాయలు, రెండోది సుమారు 3,733 రూపాయలు అవుతుంది. ఇక ఏడాది ప్లాన్ జియోలోనూ ఎయిర్‌టెల్‌లోనూ 3,599 రూపాయలే. దానికి జియో రోజుకు 2.5 జీబీ, ఎయిర్‌టెల్ రోజుకు 2 జీబీ ఇస్తున్నాయి. వీఐలో రోజుకు 1.5 జీబీతో ఏడాది ప్లాన్ 3,499 రూపాయలు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఎయిర్‌టెల్‌లో ప్రతి 28 రోజులకూ 349 రూపాయలు పెట్టే మనిషి, ఒకేసారి 3,599 రూపాయలు పెట్టగలిగిన మనిషి కంటే ఏడాదికి 938 రూపాయలు ఎక్కువ చెల్లించి, రోజుకు అర జీబీ తక్కువ డేటా పొందుతున్నాడు. నలుగురున్న ఇంటికి ఈ తేడా 3,752 రూపాయలు. జియోలో తేడా మనిషికి 288 రూపాయలే అయినా, అక్కడ రోజుకు ఒక జీబీ తగ్గుతుంది. ఒకేసారి నాలుగు ఫోన్లకు 14,396 రూపాయలు తీసి పెట్టగలిగిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయి? కూలి డబ్బులతో, చిన్న జీతంతో ఇల్లు గడుపుకునే వాళ్లు 28 రోజుల ప్లానే కొంటారు, అందుకే ఎక్కువ కడతారు. టోకున కొంటే ధర తగ్గడం వ్యాపారంలో సహజమేనని ఎవరైనా అనవచ్చు. గ్యాస్ సబ్సిడీ, ఉపాధి హామీ కూలి సమాచారం, బ్యాంకు ఓటీపీ, పిల్లల బడి సందేశాలు అన్నీ ఫోన్‌కే వస్తున్న రోజుల్లో, దీన్ని మామూలు సరుకుల వ్యాపారంలాగా చూసి వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఏడాది ప్లాన్ భారం ఒకేసారి పడకుండా మేము పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. నలుగురి ఫోన్లకూ ఒకే నెలలో కాకుండా, మూడేసి నెలల ఎడంతో ఒక్కొక్కరిదీ ఏడాది ప్లాన్‌లోకి మార్చుకుంటే, మూడు నెలలకు ఒకసారి 3,599 రూపాయలు సిద్ధం చేసుకుంటే చాలు. మిగతా వాళ్లు తమ వంతు వచ్చేదాకా 84 రోజుల ప్లాన్‌తో నెట్టుకురావచ్చు.

ఇక కుటుంబ ప్లాన్ల విషయానికి వస్తాను. ఇవి వాడుకున్నాక బిల్లు కట్టే పోస్ట్‌పెయిడ్‌లో ఉంటాయి, ఒకే బిల్లు వస్తుంది, ప్రతి నెలా గడువు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే కుటుంబ ప్లాన్ అనే పేరు వినగానే అది చవకగా ఉంటుందని అనుకుంటాం. లెక్క వేస్తే ఆ నమ్మకం కొన్నిచోట్ల నిలవదు. అన్నింటికన్నా ముందు గమనించవలసింది పన్ను. ప్రీపెయిడ్ ప్లాన్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ ధరకు ఆ 18 శాతం బిల్లులో అదనంగా చేరుతుంది. జియో ప్రీపెయిడ్ 299, పోస్ట్‌పెయిడ్ 449 అనే అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు నిజానికి పన్ను కలిసిన ధరను పన్ను కలవని ధరతో పోలుస్తున్నారు.

జియోలో 449 రూపాయల పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌కు మరో ముగ్గురిని, ఒక్కొక్కరికి నెలకు 150 రూపాయల చొప్పున చేర్చుకోవచ్చు. నలుగురికి 899 రూపాయలు. పన్నుతో కలిపి నెలకు సుమారు 1,061 రూపాయలు, ఏడాదికి సుమారు 12,730 రూపాయలు. అదే కంపెనీలో నలుగురూ 84 రోజుల ప్రీపెయిడ్ తీసుకుంటే సుమారు 13,887 రూపాయలు. అంటే ఇక్కడ కుటుంబ ప్లాన్ 1,157 రూపాయలు చవకే. కానీ డేటా చూడండి. కుటుంబ ప్లాన్‌లో నెలకు 75 జీబీ, చేర్చుకున్న ఒక్కో సిమ్‌కు మరో 5 జీబీ చొప్పున మొత్తం 90 జీబీ నలుగురికీ కలిపి వస్తుంది. ప్రీపెయిడ్‌లో ఒక్కొక్కరికి రోజుకు 1.5 జీబీ చొప్పున నెలకు నలుగురికి 180 జీబీ వస్తుంది. రోజువారీ డేటాలో మిగిలింది ఆ రాత్రితో పోతుంది గనుక 180 జీబీ మొత్తం వాడుకునే ఇల్లు ఉండదన్నది నిజమే. ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ విడిగా ఉన్నవాళ్లకు 90 జీబీ హాయిగా సరిపోతుంది. హాస్టల్లో ఉండి ఫోన్‌లోనే పాఠాలు వినే పిల్లలుంటే మాత్రం ఒక్కరే సగం డేటా వాడేస్తారు, ఆపైన వాడిన ప్రతి జీబీకీ బిల్లు పెరుగుతుంది.

ఎయిర్‌టెల్‌లో లెక్క మరోలా తేలుతుంది. నలుగురి కుటుంబ ప్లాన్ 1,199 రూపాయలు, మొత్తం డేటా 190 జీబీ. పన్నుతో నెలకు సుమారు 1,415 రూపాయలు, ఏడాదికి సుమారు 16,978 రూపాయలు. అక్కడే నలుగురూ 84 రోజుల ప్రీపెయిడ్ తీసుకుంటే 14,930 రూపాయలు, ఏడాది ప్లాన్ తీసుకుంటే 14,396 రూపాయలు. కుటుంబ ప్లాన్ రెండు వేలకు పైగా ఖరీదన్నమాట. ఇద్దరి ప్లాన్ 699 రూపాయలది కూడా ఇంతే. పన్నుతో ఏడాదికి సుమారు 9,898 రూపాయలు అవుతుంది, ఇద్దరి 84 రోజుల ప్రీపెయిడ్ ఖర్చు 7,465 రూపాయల దగ్గర ఆగుతుంది. వీఐ నలుగురి ప్లాన్ 1,201 రూపాయలు, పన్నుతో ఏడాదికి 17,006 రూపాయలు. ఈ ప్లాన్లతో సినిమాలు, సీరియళ్లు చూసే యాప్‌ల చందాలు ఇస్తారు. ఆ యాప్‌లకు విడిగా డబ్బు కట్టే అలవాటు ఇంట్లో ఇప్పటికే ఉంటే ఆ మొత్తాన్ని ఇందులోంచి తీసేసి చూడాలి. ఆ అలవాటు లేకపోతే వాటి విలువను ఆదాగా లెక్కించకూడదు.

కుటుంబ ప్లాన్ల ధరలు ఎలా కదిలాయో కూడా చెప్పవలసి ఉంది. 2023 మార్చిలో జియో తన కుటుంబ ప్లాన్‌ను ప్రకటించినప్పుడు అసలు ప్లాన్ 399, చేర్చుకునే ఒక్కో సిమ్‌కు 99 రూపాయలు. నలుగురికి 696 రూపాయలని గట్టిగా ప్రచారం చేశారు. పెంపు తర్వాత అది 899 రూపాయలైంది, అంటే 29 శాతం పెరిగింది. ఎయిర్‌టెల్ నలుగురి ప్లాన్ 999 నుంచి 1,199కి, వీఐది 1,001 నుంచి 1,201కి చేరాయి. అసలు ప్లాన్ 399 నుంచి 449కి పెరిగిందన్న వార్త మాత్రమే చదివినవాళ్లకు పెంపు 50 రూపాయలేననిపిస్తుంది. ఇంటి బిల్లు మాత్రం పన్ను కాకుండానే నెలకు 203 రూపాయలు పెరిగింది.

పెద్దవాళ్ల ఫోన్ల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో డబ్బు వృథా అవుతున్నది అక్కడే. మా అత్తగారు ఊళ్లో ఉంటారు. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. కొడుకులతో, కూతుళ్లతో మాట్లాడడానికే తప్ప ఆమెకు డేటాతో పని లేదు. ఇలాంటి వాళ్లు వాడని డేటాకు డబ్బు చెల్లించే పరిస్థితి చాలా కాలం సాగింది. 2024 డిసెంబరు 23న ట్రాయ్ నిబంధనలను సవరించి, మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్‌ను ప్రతి కంపెనీ ఇవ్వాలని, ప్రత్యేక ప్యాక్‌ల గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని చెప్పింది. ఇది మంచి నిర్ణయం, ఆ సంస్థను మనస్ఫూర్తిగా అభినందించాలి. ఆ తర్వాత వచ్చిన ప్యాక్‌లలో 84 రోజులకు జియో 448 రూపాయలు, ఎయిర్‌టెల్ 469, వీఐ 470 రూపాయలుగా ధర పెట్టాయి. ఇక్కడ జియో చవక. దీర్ఘకాలపు ప్యాక్ జియోలో 1,748 రూపాయలు, ఎయిర్‌టెల్‌లోనూ వీఐలోనూ 1,849 రూపాయలు. ఇక్కడ కూడా జియోయే 101 రూపాయలు చవక అని ఎవరైనా అనుకుంటారు. అయితే 1,748 రూపాయల ప్యాక్ గడువు 336 రోజులు, 1,849 రూపాయలది 365 రోజులు. ఏడాదికి లెక్క కడితే మొదటిది సుమారు 1,899 రూపాయలు అవుతుంది. చవకగా కనిపించిన ప్యాక్ 50 రూపాయలు ఎక్కువ ఖరీదైనది. 84 రోజులకు ఒక కంపెనీ, ఏడాదికి మరో కంపెనీ చవక కావడం, అది పైకి కనిపించకపోవడమే నేను చెప్పదలచుకున్న అసలు ఇబ్బంది.

ఇలా అన్నీ చూసుకున్నాక, మా వంటి ఇంటికి ఒకే కంపెనీ, ఒకే ప్లాన్ అనే పద్ధతి సరైనది కాదని తేలింది. ముగ్గురికి జియో 84 రోజుల ప్రీపెయిడ్, ఇంటి పెద్దావిడకు 1,849 రూపాయల వాయిస్ ప్యాక్ అనుకుంటే ఏడాదికి సుమారు 12,264 రూపాయలు అవుతుంది. నలుగురినీ జియో కుటుంబ ప్లాన్‌లో చేర్చడం కంటే ఇది 466 రూపాయలు తక్కువ, పైగా డేటా వాడే ముగ్గురికీ డేటా ఎక్కువ. మిగిలేది పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఊళ్లో ఏ కంపెనీ సిగ్నల్ బాగుంటే పెద్దావిడకు ఆ కంపెనీ సిమ్ ఇప్పించవచ్చు. ఒక కంపెనీ నెట్‌వర్క్ ఎప్పుడైనా నిలిచిపోతే ఇంట్లో అన్ని ఫోన్లూ ఒక్కసారిగా మూగబోవు. పోస్ట్‌పెయిడ్ కుటుంబ ప్లాన్‌లో బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు గడువులోగా కట్టకపోతే మిగతా ముగ్గురి సేవలకూ ఇబ్బంది వస్తుందన్నది కూడా మరవకూడదు.

సిగ్నల్ లేని చోట చవక ప్లాన్‌కు విలువ లేదు. కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో చూపే పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. కంపెనీ మారే ముందు వాటిని చూసి, ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవడం మంచిది. ధరలు పెంచని సంస్థగా 2024 జులైలో బీఎస్ఎన్ఎల్ వైపు చాలామంది చూశారు. అప్పటికి దాని 4జీ సేవలు పూర్తిగా విస్తరించలేదు. స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన ఆ నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి ప్రారంభించారు. తమ ఊళ్లో ఆ సిగ్నల్ బాగా అందుతున్నవాళ్లు ఈ లెక్కలో దాన్ని కూడా తప్పక చేర్చుకోవాలి. ప్రభుత్వ రంగంలో బలమైన సంస్థ ఒకటి నిలబడితేనే మిగతా ధరలు అదుపులో ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చేనాటికి మార్కెట్లో ఎన్నో కంపెనీలుండేవి. ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్, టాటా డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటయ్యాయి. మిగిలిన మూడు ప్రైవేటు కంపెనీలు ఒకటి రెండు రోజుల తేడాతో ధరలు పెంచితే, వినియోగదారుడు ఎక్కడికి వెళ్లగలడు?

నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది. 1900 నంబరుకు ఇంగ్లిషులో PORT (పోర్ట్) అని రాసి, ఒక ఖాళీ వదిలి, మన ఫోన్ నంబరుతో ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ ఉండకూడదు, ఇటీవల సిమ్ మార్చుకున్నవాళ్లు ఏడు రోజులు ఆగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ టెలికాం లెక్కలో నేటికీ ఒకే సర్కిల్ (సేవా ప్రాంతం) గనుక, హైదరాబాదులో తీసుకున్న నంబరును విశాఖపట్నంలో మార్చుకున్నా సర్కిల్ లోపలి మార్పుగానే మూడు పనిదినాల్లో పూర్తి కావాలి. ఇంట్లో అందరి సిమ్‌లూ ఒకరి పేరు మీదే తీసుకుని ఉంటే, పోర్ట్ చేయించడానికి ఆ వ్యక్తే గుర్తింపు పత్రంతో వెళ్లాలి. ఎవరి సిమ్ వాళ్ల పేరు మీదే ఉంచుకోవడం అన్ని విధాలా మేలు.

ఇప్పుడు నా మనవి. కిరాణా దుకాణంలో పప్పు ప్యాకెట్ మీద మొత్తం ధరతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించాలని తూనికలు, కొలతల నిబంధనల్లో ఉంది. ప్యాకెట్లు వేర్వేరు బరువుల్లో ఉన్నా కొనేవాళ్లు పోల్చుకోగలగడానికే ఆ నిబంధన. అదే నియమాన్ని ఫోన్ ప్లాన్లకూ వర్తింపజేయాలి. ప్రతి ప్లాన్ ప్రకటనలోనూ, యాప్‌లోనూ, దుకాణంలో అతికించే కాగితం మీదా, పన్నులన్నీ కలిపి 30 రోజులకు ఎంత పడుతుందో అదే సైజు అక్షరాల్లో రాయాలని ట్రాయ్ ఆదేశించాలి. కుటుంబ ప్లాన్లకైతే ఒక్కో మనిషికి 30 రోజులకు ఎంతో కూడా చెప్పాలి. ప్లాన్లను చూసుకోవడానికి ట్రాయ్ 2018లోనే ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. దానిలో ఇంట్లో ఎందరున్నారో, వాళ్లలో డేటా ఎవరికి కావాలో, ఎవరికి మాటలు చాలో నమోదు చేస్తే, అన్ని కంపెనీలలోనూ ఏడాది ఖర్చును తెలుగులో చూపించే ఏర్పాటును చేర్చాలి. కంపెనీలు తమ ప్లాన్ల వివరాలను ట్రాయ్‌కి ఎలాగూ సమర్పిస్తాయి గనుక ఇందుకు కొత్తగా సమాచారం సేకరించనక్కర్లేదు.

మీ పత్రికకు కూడా ఒక విజ్ఞప్తి. ధరలు పెరిగిన ప్రతిసారీ పాత ధర, కొత్త ధర, శాతం అని మూడు అంకెలు ముద్రిస్తున్నారు. వాటి పక్కనే పన్నుతో సహా 30 రోజుల ఖర్చు, నలుగురి ఇంటికి ఏడాది ఖర్చు అనే రెండు గడులు చేర్చండి, బీఎస్ఎన్ఎల్‌ను వదిలేయకండి, డేటా లేని వాయిస్ ప్యాక్‌లకు ఒక వరుస కేటాయించండి. ప్రతి మూడు నెలలకు ఒకసారి అలాంటి పట్టిక జిల్లా ఎడిషన్లలో వస్తే, దాన్ని కత్తిరించి దాచుకునే ఇళ్లు వేలల్లో ఉంటాయి. ఇంటర్నెట్లో వెతుక్కోలేని పెద్దవాళ్లకూ, రీఛార్జి దుకాణంలో చెప్పిందే కొనుక్కుంటున్న వాళ్లకూ అది చాలా పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ